టెక్సాస్‌లో కొన్న ఎయిర్‌గన్‌ను న్యూజెర్సీకి తీసుకెళ్లొచ్చా?

నమస్కారమండీ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఊరి బయట స్నేహితుడి పొలంలో ఖాళీ డబ్బాలు గురిచూసి కొట్టడానికి రెండేళ్ల క్రితం ఒక పెల్లెట్ రైఫిల్ (గాలి ఒత్తిడితో చిన్న గుళ్లు పేల్చే ఎయిర్‌గన్) కొన్నాను. లైసెన్సు గొడవేమీ లేదు, ఫెడరల్ చట్టం ఎయిర్‌గన్‌ను తుపాకీగా లెక్కించదు కదా.

ఇప్పుడు ఉద్యోగం మారి ఎడిసన్ వెళ్తున్నాం. న్యూజెర్సీ చట్టంలో మాత్రం ఇదీ తుపాకీయేనట! కొనాలంటే పోలీసుల దగ్గర దరఖాస్తు పెట్టి ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు తెచ్చుకోవాలి. డబ్బాలు కొట్టుకునేదానికి ఇంత తతంగమా అనిపించింది.

నేను హెచ్1బీ మీద ఉన్నాను, అసలు టెన్షన్ అదే. కొత్తగా కొనడం కాదు, ఉన్నదాన్ని సామాన్లతో తీసుకెళ్లాలన్నా ఆ కార్డు ముందే ఉండాలా? వీసా మీద ఉన్నవాళ్లకు ఇస్తారా? ఇలా మారినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ప్యాకర్స్ వచ్చేవారమే వస్తున్నారు. కుదరదంటే ఇక్కడే ఎవరికైనా ఇచ్చేసి వెళ్తాను.