చిత్రావతిని బోర్లే తాగేశాయని మోడల్‌తో తేల్చగలమా?

ఇసుకదిబ్బ:
ధర్మవరం దిగువన చిత్రావతిలో ఒక కిలోమీటరు ముక్కకి మాడ్‌ఫ్లో (భూగర్భ జలాల కదలికని లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) మోడల్ కడుతున్నా, ఎంటెక్ ప్రాజెక్టు. ఏటికి అందులోని రివర్ ప్యాకేజీ (ఏటికీ కింది నీళ్ళకీ మధ్య ఇంకుడు లెక్కించే భాగం) పెట్టా. వెడల్పు 100 మీటర్లు, అడుగు పొర మందం మీటరు, దాని పారగమ్యత (నీళ్ళని దిగనిచ్చే గుణం) రోజుకు అర మీటరు, ఆ పైన అర మీటరు నీళ్ళు. మోడల్ చూపిన బోర్ల మట్టాలు కొలిచిన వాటితో చక్కగా కలిశాయి. గైడ్ ఖుషీ. "బోర్ల వల్లే ఏరు ఎండింది" అని చివర్లో రాసేయమంటున్నారు. రాయొచ్చంటారా?

లెక్కలమాస్టారు:
రాయకు నాయనా. ముందు గుణకారం చెయ్యి. పారగమ్యత, పొడవు, వెడల్పు గుణించి మందంతో భాగిస్తే కండక్టెన్స్ 50,000, అంటే మట్టాల తేడా మీటరుంటే రోజుకు అన్ని ఘనపు మీటర్లు దిగుతాయి. అక్కడ భూగర్భ జలమట్టం అడుగు పొర కిందికి ఎప్పుడో జారిపోయింది, కాబట్టి మట్టాల తేడా మీటరున్నర (అర మీటరు నీళ్ళు, మీటరు పొర) దగ్గర ఆగిపోతుంది. అంటే నీ ఏరు రోజుకు 75,000 ఘనపు మీటర్లు కిందికి వదులుతోంది. 30 క్యూసెక్కులు! ఏడాదిలో ఎక్కువ నెలలు మేకలు నడిచే ఏరది. రివర్ ప్యాకేజీకి పైనుంచి నీళ్ళొచ్చాయా లేదా అన్న పట్టింపే లేదు. ఎంత తోడినా తరగని గంగాళం.

మరి బోర్లెలా కలిశాయంటావా? ఏటి నుంచి ఎక్కువ పోసి, వాన ఇంకుడు తగ్గించి ఉంటావు. పారగమ్యత 0.05 వేసి వాన పెంచి చూడు, అప్పుడూ కలుస్తుంది. ఏటి వాటా మాత్రం పదో వంతవుతుంది.

చెలమనీళ్ళు:
మాదీ ఆ ఒడ్డే. మీ గుణకారాలు నాకు తెలీదు గానీ, నా చిన్నప్పుడు మూరెడు ఇసుక తోడితే చెలమ నిండేది. ఊటకాలువ కింద వరి పండించినాం. బోర్లొచ్చినాక కాలువ పాయ. ఇంకేం రుజువు కావాల సార్ మీకు?

లెక్కలమాస్టారు:
అన్నా, మీరు చెప్పింది నిజమే. కానీ అది వేరే కాలం సంగతి. అప్పుడు నేలే ఏటికి ఊట ఇచ్చేది. బోర్లు దెబ్బకొట్టింది ఆ ఊటని. ఇప్పుడు ఏటికీ కింది నీళ్ళకీ మధ్య తడి పొర తెగిపోయింది. తెగాక మీరు ఇంకో వంద బోర్లు వేసినా ఏటి నుంచి దిగేది పెరగదు, ఇసుక ఎంత వదిలితే అంతే. ఒకటి చెప్పండి, చెలమలో నీళ్ళుండి పక్క బోరు ఎండిన రోజులు చూశారా?

చెలమనీళ్ళు:
చూసినా. పోయినేడు ఏరు రెండు దినాలు పారింది. నీళ్ళు పోయినాక కూడా చెలమలో మోకాలి లోతు ఉండె. నలభై అంగల దూరంలో నా బోరు, 300 అడుగులు, గాలి తప్ప ఏమీ రాల్యా.

పరవళ్ళు:
నేను అమెరికాలో నెబ్రాస్కాలో ఉంటాను. ఇక్కడ రిపబ్లికన్ నది మీద కాన్సాస్‌తో తగాదా సుప్రీంకోర్టుకెళ్తే 2002లో రాజీ కుదిరింది. కొలొరాడోతో కలిపి మూడు రాష్ట్రాలూ ఒకే భూగర్భ జల మోడల్‌కి ఒప్పుకున్నాయి. బోర్లు ఉన్నట్టు ఒకసారి, లేనట్టు ఒకసారి నడిపి, తేడాని ఆయా రాష్ట్రాల ఖాతాలో వేస్తారు. అక్కడ పనికొచ్చింది ఇక్కడెందుకు పనికిరాదు?

లెక్కలమాస్టారు:
మేడమ్, అక్కడ చాలామేరకు ఇసుక, గులకరాళ్ళ పొరలు, పైగా ఏళ్ళ తరబడి నదిలో కొలిచిన ప్రవాహాలు. ఇక్కడ గ్రానైటు, పైన కాస్త పుచ్చురాయి, కింద పగుళ్ళు. ఒక బోరుకి నీళ్ళు పడతాయి, పది మీటర్ల అవతల పడవు. ఇంకో మెలిక ఉంది. తెగిన ఏటిని తెగినట్టే మొదలుపెట్టి రెండుసార్లు నడిపితే తేడా సున్నా చూపిస్తుంది, "బోర్ల తప్పేమీ లేదు" అని రాసుకోవచ్చు! తెగకముందు కాలం నుంచి నడపాలి, ఆ కాలం లెక్కలు మన దగ్గరేవీ?

పరవళ్ళు:
అయితే చేతులు కట్టుకు కూర్చోవాలా? రివర్ బదులు స్ట్రీమ్‌ఫ్లో రూటింగ్ ప్యాకేజీ పెట్టొచ్చుగా. పైనుంచి వచ్చినంతే ఇంకుతుంది, అయిపోతే ఏరు ఎండుతుంది. పారగమ్యత ఊహించే బదులు ఇసుకలో రెండు లోతుల్లో ఉష్ణోగ్రత సెన్సర్లు పాతొచ్చు. పగటి వేడి కిందికి ఎంత ఆలస్యంగా చేరిందో చూస్తే నీళ్ళు దిగే వేగం తెలుస్తుంది.

లెక్కలమాస్టారు:
ఒప్పుకుంటా. ఒక చోట లెక్కే అయినా ఊహ కన్నా నయం. ఎగువనా దిగువనా ప్రవాహం కొలిచి తేడా తీయమనే వాళ్ళున్నారు. మన కొలతలో తప్పే పదిశాతం ఉంటే, కిలోమీటరులో ఇంకింది ఆ తప్పులోనే కొట్టుకుపోతుంది. అందుకే సెన్సర్లతోపాటు ఇసుకలో ఒక చిన్న గొట్టం, దాని పక్కనే లోతు గొట్టం. రెండింటి మట్టాలు వారానికోసారి రాసుకుంటే, నీ ముక్కలో ఏరు ఎప్పుడు తెగిందో కంటికి కనిపిస్తుంది. గైడ్ మాట తర్వాత చూద్దాం.

ఇసుకదిబ్బ:
ప్యాకేజీ మార్చి, ఏరు పారిన రోజుల్లోనే నీళ్ళిచ్చి నడిపా. ఇంకుడు కుప్పకూలింది. బోర్లు ఇప్పుడు కలవడం లేదు. గైడ్ "ముందున్నదే బాగుంది" అన్నారు. వచ్చే నెల వైవా. పెద్దాయనా, గొట్టాలు పాతడానికి మీ ఒడ్డుకి రావచ్చా?

చెలమనీళ్ళు:
రాప్పా. చిన్న గొట్టం పాతేది గంట పని, పార నా దగ్గరుంది. ఏరు ఎప్పుడొస్తాదో నేను చెప్పలేను. వస్తే ఫోన్ చేస్తా, రాత్రైనా బయల్దేరు.