‘గుండె నరాలు మూసుకుపోయాయి’: ఈ మాట సరైనదేనా?

ప్రశ్న: యాంజియోగ్రామ్ అయ్యాక చాలామంది ‘గుండె నరాలు మూసుకుపోయాయి’ అంటారు. నరాలంటే నాడులు కదా? పైగా ఎప్పుడూ నెత్తురుతో నిండి ఉండే గుండెకు రక్తం అందకపోవడమేమిటండీ?

జవాబు: వాడుకలో ‘నరం’ నాడికీ, రక్తనాళానికీ రెంటికీ చెల్లుతోంది. సూది వేసేటప్పుడు ‘నరం దొరకలేదు’ అంటే అది సిర (రక్తాన్ని గుండెవైపు తీసుకెళ్లే నాళం). ‘నరాల డాక్టర్’ అంటే నాడుల వైద్యుడు. మాట్లాడేటప్పుడు ‘గుండె నరాలు’ అంటే తప్పేం లేదు. రాసేటప్పుడు మాత్రం ‘హృద్ధమనులు’ (హృత్ + ధమనులు: గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాలు) మేలు. ‘సిరలు’ అని రాయకండి. గుండె కండరం వాడేసిన రక్తాన్ని కుడి కర్ణికకు (గుండె కుడి పై గదికి) చేర్చేవి అవి. కొవ్వు పేరుకుని పూడేవి ధమనులు.

ఇక రెండోది. ఎడమ జఠరిక (ఒంటికంతా రక్తం పంపే గుండె గది) గోడ దాదాపు 1 సెం.మీ. మందం. గదిలోని రక్తం నుంచి ఆక్సిజన్ అంత లోతుకు ఇంకదు. అందుకే బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) మొదట్లో, కవాటానికి కాస్త పైన, రెండు హృద్ధమనులు పుడతాయి. ఎడమది కొద్ది దూరానికే చీలుతుంది: ఒక కొమ్మ ముందువైపు దిగుతుంది, ఇంకొకటి ఎడమ పక్కగా వెనక్కి చుట్టుకెళ్తుంది. కుడిది కుడి జఠరికనూ, చాలామందిలో గుండె అడుగు భాగాన్నీ, లయ పుట్టే కణుపునూ పోషిస్తుంది. అది పూడితే నాడి నెమ్మదించడం అందుకే.

మరో సభ్యుని జవాబు: ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వేళ. గుండె ముడుచుకున్నప్పుడు గోడలోని నాళాలు నలిగిపోతాయి, కాబట్టి ఎడమ జఠరిక కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడే. వేగం పెరిగితే ఆ వ్యవధి తగ్గిపోతుంది, అవసరమేమో పెరుగుతుంది. విశ్రాంతిలో గుండె కండరానికి నిమిషానికి సుమారు 250 మి.లీ. రక్తం వస్తుంది. అందులోని ఆక్సిజన్‌లో దాదాపు 70 శాతం కండరం అప్పటికే తీసేసుకుంటుంది కనుక, పని పెరిగితే రక్తమే ఎక్కువ రావాలి. నాళం 70 శాతం సన్నబడితే ఆ పెరుగుదల కుదరదు. కూర్చున్నంతసేపూ బాగానే ఉండి, మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తుంది.

ప్రశ్న: దీన్ని గుండెపోటు అనవచ్చా?

జవాబు: అనకూడదు, అది గుండెనొప్పి. నాళంలోని కొవ్వు పూత చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు. 20–30 నిమిషాల్లో లోపలి పొర కండరం చావడం మొదలవుతుంది. ‘గుండె ఆగడం’ వేరు: మనిషి పలకడు, మామూలు ఊపిరి ఉండదు. అప్పుడు 108కి ఫోన్ చేసి, వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. గుండెపోటులో మనిషి సాధారణంగా మాట్లాడుతూనే ఉంటాడు; అప్పుడు ఛాతీ నొక్కకూడదు, నడిపించకుండా కూర్చోబెట్టి 108ని పిలవాలి.