ఎకనామిక్స్, సోషియాలజీ కలిపి డిగ్రీ: చదివినవాళ్లు కాస్త చెప్పండి

జగిత్యాల_పిల్ల:
ఇంటర్ సీఈసీ అయిపోయింది. ఇంట్లో బీకాం కంప్యూటర్స్ అంటున్నారు. నాకేమో ఎకనామిక్స్, సోషియాలజీ, పాలిటిక్స్ కలిపి చదవాలని ఉంది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు మా ఊళ్లో ఎకరానికి 4,000 చొప్పున చెక్కులు పంచారు. మా మేనమామ చాలా ఏళ్లుగా కౌలుకు చేస్తున్నాడు, ఆయనకు రూపాయి రాలేదు. హైదరాబాద్‌లో ఉండే పట్టాదారుకు వచ్చింది. ఇది ఎందుకిలా జరిగిందో చెప్పే చదువు ఏది? చదివితే ఉద్యోగం ఉంటుందా?

సెంట్రల్‌యూనివర్సిటీ_అన్న:
చెల్లీ, నీ ప్రశ్న ఏ ఒక్క సబ్జెక్టుకూ లొంగదు. ఎకరాల లెక్కన డబ్బిస్తే ఎవరికెంత చేరుతుందో ఎకనామిక్స్ చెప్తుంది. పట్టా ఎవరి పేరున ఉంది, కౌలుకు చేసేవాళ్లు ఏ కులాలవాళ్లు అన్నది సోషియాలజీ. ఇక అసలు ముడి చట్టంలో ఉంది. హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు భూమి మీద హక్కులిచ్చింది. కౌలుదారు పేరు కాగితం మీదికెక్కితే రేపు హక్కు అడుగుతాడన్న భయం ఆసాముల్లో ఇప్పటికీ ఉంది. అందుకే ఒప్పందాలన్నీ నోటిమాట మీదే నడుస్తాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలు రైతులకు రుణ అర్హత కార్డులివ్వాలని చట్టం చేసింది, అయినా కార్డు చేతికందని కౌలు రైతులే ఎక్కువ. ఈ మూడూ కలిపి చూడటం నేర్పేదే నువ్వడిగే చదువు.

నేను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ చేశాను. సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాసి చేరాలి. మొదట్లో మన సబ్జెక్టుతో పాటు మిగతా సోషల్ సైన్సెస్ పేపర్లు కూడా చదవాల్సి వచ్చింది. నాకు బాగా ఉపయోగపడింది అదే.

బీడీల_ఊరి_స్వప్న:
డిగ్రీలో ఎకనామిక్స్, సోషియాలజీ చదివి ఇప్పుడు సర్వేల్లో పనిచేస్తున్నాను. ఈ చదువు విలువ నాకు క్లాసులో కాదు, ఫీల్డులో తెలిసింది. కామారెడ్డి వైపు ఒక ఊళ్లో వాకిట్లో కూర్చున్న ఒకామెను "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగాను. "ఏం పని లేదు బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది. ఒళ్లో చాట ఉంది, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు ఉన్నాయి. మాట్లాడుతున్నంతసేపూ వేళ్లు ఆగలేదు, బీడీలు చుడుతూనే ఉంది. మా ఫారంలో నేషనల్ శాంపిల్ సర్వే కోడ్లే వాడాం. ఆమె మాట నమ్మి 92 వేస్తే "ఇంటి పనులు మాత్రమే" అని అర్థం, అంటే శ్రామికుల లెక్కలోంచి ఆమె మాయమైపోతుంది. దినమంతా చుట్టి ఇంటిని నడిపే మనిషి! పక్కన కూర్చుని "ఆకు ఎవరిస్తరు, వెయ్యి బీడీలకు ఎంతిస్తరు, పీఎఫ్ ఉన్నదా" అని ఒక్కొక్కటే అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. ఆడవాళ్ల పని గణాంకాల్లో ఎందుకు తక్కువ కనిపిస్తుందో ఆ పూట అర్థమైనంత బాగా నాకు ఏ పుస్తకంలోనూ అర్థం కాలేదు.

కాబట్టి చెల్లీ, ఏ కాలేజీలో చేరినా ఫీల్డ్ వర్క్ ఉందా లేదా అని ముందు అడుగు. లేకపోతే సెలవుల్లో నువ్వే వెతుక్కో. బేగంపేటలో 1980 నుంచి ఉన్న సెస్ లాంటి పరిశోధన సంస్థలకు ఊళ్లలో సర్వేలు చేసే మనుషులు కావాల్సి వస్తుంటారు.

లెక్చరర్_గోదావరి:
ఉత్సాహం బాగుందమ్మా, కానీ అర్హతల సంగతి ఇప్పుడే చూసుకో. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయాలంటే ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనామెట్రిక్స్‌లలో ఏదో ఒకదానిలో పీజీ ఉండాలి. డెవలప్‌మెంట్ స్టడీస్ అని పట్టా ఉంటే కుదరదు. జూనియర్ లెక్చరర్ పోస్టుకూ సంబంధిత సబ్జెక్టులోనే పీజీ అడుగుతారు. నా స్టూడెంట్లలో తెలివైన పిల్లలు కొందరు దీని దగ్గరే ఆగిపోయారు, ఆ బాధతో చెప్తున్నాను. డిగ్రీలో ఎన్ని సబ్జెక్టులైనా కలుపుకో, పీజీకి వచ్చేసరికి ఒకదాన్ని గట్టిగా పట్టుకో.

గ్రూప్2_ప్రిపరేషన్:
నాది బీటెక్. తెలంగాణ గ్రూప్-2లో 600 మార్కులు. పేపర్ 2లో చరిత్ర, పాలిటీ, సమాజం, పేపర్ 3లో ఎకానమీ, అభివృద్ధి, ఒక్కోటి 150. నేను కోచింగ్‌లో మొదట్నుంచి చదువుకుంటున్నది మీరు డిగ్రీలోనే చదివేస్తారు.

హాంబర్గ్_తెలుగు:
జర్మనీలో ఇది అచ్చంగా ఒక డిగ్రీ. హాంబర్గ్ యూనివర్సిటీలో సోషల్ ఎకనామిక్స్ బీఏ ఉంది. ఎకనామిక్స్, బిజినెస్, సోషియాలజీ, లా నాలుగూ చదివి, తర్వాత తమకు కావాల్సినవాటి మీద దృష్టి పెడతారు. దీని మూలం 1948లో పెట్టిన ఒక అకాడమీ, 2005లో యూనివర్సిటీలో కలిసింది. నాకు నచ్చేదేంటంటే, మన ఇంటర్ లాంటి సర్టిఫికెట్ లేకపోయినా పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు ఎంట్రన్స్ రాసి చేరొచ్చు. ఆ కోర్సు చదివే నా ఫ్రెండ్ క్లాసులో నర్సుగా చేసినవాళ్లు కూడా ఉన్నారు. జీతాల గురించి చర్చ వస్తే వాళ్లు తమ హాస్పిటల్ డ్యూటీల గురించే మాట్లాడతారట.

ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొంత కట్టాలి, అంతే. కానీ బోధన జర్మన్‌లో. పైగా మన ఇంటర్ ఒక్కటీ సాధారణంగా సరిపోదు, మన చదువు కాగితాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. ఏజెంట్ల మాట విని ఇంటర్ అవ్వగానే ఇక్కడికి పరుగెత్తొద్దు.

జగిత్యాల_పిల్ల:
అందరికీ చాలా థ్యాంక్స్. మేనమామకు 1950 చట్టం సంగతి చదివి వినిపించాను. మ్యాథ్స్ అంటే టెన్షన్, టెన్త్‌తోనే ఆపేశాను. పనవుతుందా?

సెంట్రల్‌యూనివర్సిటీ_అన్న:
అవుతుంది, కానీ తప్పించుకోలేవు. ఈ వేసవిలో ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి స్టాటిస్టిక్స్ మొదలుపెట్టు. సగటు, మధ్యస్థం, కోరిలేషన్ పట్టుబడ్డాక కొద్దికొద్దిగా కాలిక్యులస్ చూడు. 2017-18 నుంచి నడుస్తున్న లేబర్ ఫోర్స్ సర్వేలో ఒక్కో మనిషి వివరాలతో డేటా కేంద్ర గణాంక శాఖ సైట్లో ఉచితంగా దొరుకుతుంది. పైన స్వప్న చెప్పిన 92 కోడ్ ఆడవాళ్లలో ఎంతమందికి వేశారో తెలంగాణ వరకు నువ్వే లెక్కగట్టొచ్చు. ఆ పని చేస్తే మ్యాథ్స్ భయం చాలావరకు తీరిపోతుంది.

బీడీల_ఊరి_స్వప్న:
డేటా దించుకున్నాక ఆ కోడ్ల పట్టిక అర్థం కాకపోతే ఇక్కడే అడుగు. డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి ఒకసారి వెళ్లి, సోషియాలజీకి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారో లేదో కనుక్కో. సబ్జెక్టు కాగితం మీద మాత్రమే ఉన్న కాలేజీలు చూశాను.