అప్‌డేట్: కంట్రోల్ ప్యానెల్ తెరవగానే మూసుకుపోయే సమస్య తీరింది

మా ఇంట్లోని పాత విండోస్ 7 కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్ (కంప్యూటర్ సెట్టింగులు మార్చుకునే చోటు) తెరిచిన మరుక్షణమే మూసుకుపోతోందని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఈవెంట్ వ్యూయర్ (విండోస్‌లో జరిగే లోపాలను నమోదు చేసే సాధనం) చూడమన్న సూచనే దారి చూపింది: అందులోని క్రాష్ నమోదులన్నింటిలోనూ ఒకే సీపీఎల్ ఫైల్ (కంట్రోల్ ప్యానెల్‌కు అంశాలను చేర్చే, పేరు చివర .cpl ఉండే ఫైల్) పేరు కనిపించింది. అది మేము ఏనాడో పారేసిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చి, విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లో అలాగే మిగిలిపోయింది. కంట్రోల్ ప్యానెల్ తెరుచుకునేటప్పుడు అక్కడి సీపీఎల్ ఫైళ్లను కూడా లోడ్ చేస్తుంది కాబట్టి, వాటిలో ఒక్కటి చెడినా మొత్తం ప్యానెల్ కూలిపోవచ్చు. ఆ ఫైల్‌ను తొలగించకుండా, ప్యానెల్ దాన్ని లోడ్ చేయకుండా దాని పేరు చివరనున్న సీపీఎల్‌ను మాత్రం మార్చాను; ఆ తరువాత సమస్య మళ్లీ రాలేదు.

అత్యవసరమైనవి మాత్రమే లోడ్ అయ్యే సేఫ్ మోడ్‌లోనూ ప్యానెల్ మూసుకుపోవడంతో విండోసే పాడైందని పొరబడ్డాను. విండోస్ ఫైళ్లు చెడాయేమో చూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌లో గానీ, వైరస్ స్కాన్‌లో గానీ ఏమీ దొరకలేదు. ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) చెడిందేమోనని కూడా అనుకున్నాను గానీ, దానికి దీనితో సంబంధమే లేదు. కొత్త ర్యామ్ కొనకముందే ఆగడం నా అదృష్టం.