కొత్త ఇంటి వైరింగ్‌కు, వేసినవారే ఇచ్చే ధ్రువపత్రం చాలుతుందా?

చర్చ ప్రారంభించిన ఇంటి యజమాని:
మా కొత్త ఇంటి వైరింగ్ ప్రమాణాల ప్రకారమే ఉందని కాంట్రాక్టరు ఒక పేజీ ధ్రువపత్రం ఇచ్చారు. దానిమీద సంతకం, తేదీ ఉన్నాయి గానీ ఒక్క కొలత కూడా లేదు. పరీక్షల సంగతి అడిగితే, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కి, అది ట్రిప్ కావడం చూపించి, ఎర్తింగ్ కూడా బాగున్నట్టేనన్నారు. పనితో సంబంధం లేని మరొకరి చేత పరీక్ష చేయించడం తప్పనిసరి కావాలని నా అభిప్రాయం. సభ్యులేమంటారు?

ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు:
తప్పనిసరి చేయడాన్ని నేను ఒప్పుకోను. పలు దేశాల నిబంధనలకు ఆధారమైన ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 60364 ప్రమాణం ఆరో భాగం, కొత్త వైరింగ్‌ను పరీక్షల్లో నైపుణ్యం ఉన్నవారు పరిశీలించి నివేదిక ఇవ్వాలంటుందే తప్ప, వేసినవారు ఆ పని చేయకూడదని ఎక్కడా అనదు. గోడలో పైపు ఏ దారిన పోయిందో, ఏ జంక్షన్ బాక్సులో ఏ వైర్లు కలిశాయో వేసినవారికే తెలుస్తుంది. రంగులు కూడా పూర్తయ్యాక వచ్చే బయటి వ్యక్తికి కనిపించేవి స్విచ్ ప్లేట్లు మాత్రమే. పైగా ఎవరో వచ్చి చూస్తారులే అనుకుంటే పనిలో శ్రద్ధ తగ్గుతుంది, రేపు ప్రమాదం జరిగితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు.

పరీక్షల ఇంజనీరు:
కాంట్రాక్టరు గారు ప్రమాణం గురించి చెప్పినది నిజమే, కానీ సగమే చెప్పారు. అదే భాగం, పని పూర్తయ్యాకే కాక, వీలైనంతవరకు పని జరుగుతుండగానూ పరిశీలించాలంటుంది, ఏయే సర్క్యూట్లను పరీక్షించారో, ఫలితాలేమిటో నివేదికలో నమోదు కావాలంటుంది. యజమాని గారి చేతిలో ఉన్న కాగితం ఎవరు సంతకం చేసినా ఆ నివేదిక కాదు. కాబట్టి పరీక్షించేది ఎవరు అన్నదానికంటే, ఏమి కొలిచారు, ఎప్పుడు చూశారు అన్నదే అసలు ప్రశ్న.

టెస్ట్ బటన్ సంగతే చూడండి. అది పరికరం లోపలే ఒక రెసిస్టరు ద్వారా చిన్న కరెంటును పక్కదారి పట్టించి, యంత్రాంగం కదులుతోందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ఇంట్లో ఎర్త్ వైరే లేకపోయినా ఆ బటన్ చక్కగా పనిచేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ వద్ద 300 మిల్లీ సెకన్లలోపు ట్రిప్ అవుతోందా అన్నది పరీక్షా పరికరంతో కొలిస్తేనే తెలుస్తుంది.

ఎర్త్ వైరు లాగడానికి బద్ధకించి, సాకెట్ వెనకాల ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేసే పద్ధతి మరీ దుర్మార్గం. లైట్లు వెలిగి చూపించే ప్లగ్ టెస్టరు దానికీ బాగుందనే సమాధానం ఇస్తుంది. ఒకరోజు ఆ న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే, ఆన్‌లో ఉన్న ఉపకరణం గుండా వచ్చిన కరెంటు దాని లోహపు ఒంటి మీదికే చేరుతుంది.

ఒక్క మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్‌ను కొలిచే పరికరం) రీడింగ్‌ను చూసి సంతోషించడమూ పొరపాటే. 500 వోల్టుల డీసీతో కొలిచినప్పుడు కనీసం 1 మెగా ఓమ్ రావాలన్నది నియమం. గోడలో వైరు తెగి ఉన్నా ఆ రీడింగ్ అద్భుతంగా వస్తుంది! అందుకే ముందుగా ఎర్త్ వైరు కంటిన్యుటీ (ఎక్కడా తెగకుండా ఉందా అన్నది) చూడాలి. ఇక పైపులో దాచిన వదులు జాయింటు ఈ రెండు పరీక్షలనూ దాటిపోయి, హీటరు వంటి పెద్ద లోడు పడ్డప్పుడే వేడెక్కుతుంది. దాన్ని పట్టుకోవడానికి నమ్మదగిన సమయం, ప్లాస్టరింగ్‌కు ముందు.

ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు:
కొలతలు నమోదు చేయాలన్నదానితో నాకు పేచీ లేదు, అవి లేకుండా సంతకం పెట్టడం తప్పే. ప్లాస్టరింగ్‌కు ముందు ఒకరు వచ్చి చూస్తామన్నా స్వాగతిస్తాను. అన్నీ ముగిశాక వచ్చి, గోడ పగలగొట్టి చూపించమనేవారితోనే నా తగువు.

చర్చ ప్రారంభించిన ఇంటి యజమాని:
మా ఇంట్లో ప్లాస్టరింగ్ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు దారేమిటి?

పరీక్షల ఇంజనీరు:
గోడ జోలికి పోనక్కరలేదు. కంటిన్యుటీ, ఇన్సులేషన్, ఆర్‌సీసీబీ ట్రిప్ సమయం సర్క్యూట్ల వారీగా రాయించుకోండి. ఆపైన, ప్రతి సాకెట్ వద్దా ఫేజ్, న్యూట్రల్‌ల మధ్య లూప్ రెసిస్టెన్స్ (కరెంటు వెళ్లివచ్చే మొత్తం దారి నిరోధం) కొలిపించండి. ఒకే వరుసలో ఉన్న సాకెట్లలో డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి దూరం పోయేకొద్దీ ఆ విలువ కొద్దికొద్దిగా పెరగాలి. మధ్యలోని సాకెట్‌కు చివరిదానికంటే ఎక్కువ వస్తే, ముందు ఆ ప్లేటు విప్పించి టెర్మినల్ స్క్రూలను, దానికి వచ్చే జాయింటును చూడమనండి. వరుసలో ఒకచోట విలువ హఠాత్తుగా ఎగబాకి, అక్కడినుంచి చివరిదాకా అలాగే ఉంటే, అనుమానించాల్సింది ఆ సాకెట్‌కూ దాని ముందుదానికీ మధ్య ఉన్న భాగాన్ని. అప్పుడు మాత్రం పైపు దారి తెలిసిన మీ కాంట్రాక్టరునే పిలవాలి.