డేవ్ కజిన్స్ ‘టూ వీక్స్ లాస్ట్ సమ్మర్’: సోలో ఆల్బమా, పేరు తీసేసిన స్ట్రాబ్స్ ఆల్బమా?

ఎల్‌పీ ప్రియుడు:
ఇంగ్లండ్‌కు చెందిన ఫోక్ రాక్ బృందం స్ట్రాబ్స్‌కు నాయకుడైన డేవ్ కజిన్స్ 1972లో తన సొంత పేరుతో తెచ్చిన ఈ ఆల్బమ్‌ను అందరూ సోలోగానే లెక్కవేస్తారు. నాకు మాత్రం ఇది ‘గ్రేవ్ న్యూ వరల్డ్’కూ ‘బర్స్టింగ్ ఎట్ ది సీమ్స్’కూ మధ్య రావలసిన స్ట్రాబ్స్ ఆల్బమే అనిపిస్తుంది. గొంతు అదే, రచన అదే. 1971లో బృందాన్ని వదిలి యెస్ అనే రాక్ బృందంలో చేరిన కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ ఇందులో ఉన్నాడు, టోనీ హూపర్ వెళ్లిపోయాక అదే 1972లో బృందంలోకి వచ్చిన డేవ్ లాంబర్ట్ కూడా ఉన్నాడు. పైగా, పది నిమిషాలకు దగ్గరగా మూడు భాగాలుగా సాగే ‘బ్లూ ఏంజెల్’ను 2003లో స్ట్రాబ్స్ మళ్లీ రికార్డు చేసి, ఆల్బమ్‌కే ఆ పేరు పెట్టింది. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

తంత్రి:
మీరు గొంతును విన్నారు కానీ నడకను వినలేదని నా అభిప్రాయం. అప్పటి స్ట్రాబ్స్‌లో బేస్ గిటార్ జాన్ ఫోర్డ్‌ది, డ్రమ్స్ రిచర్డ్ హడ్సన్‌వి. ఈ ఆల్బమ్‌లో వారి స్థానాల్లో డీప్ పర్పుల్ అనే రాక్ బృందానికి చెందిన రోజర్ గ్లోవర్, కొలోసియం బృందాన్ని నడిపిన జాన్ హైస్‌మన్ కూర్చున్నారు. హైస్‌మన్ జాజ్ దారిలో వచ్చినవాడు కాబట్టి తాళం పట్టి ఊరుకోడు, పాటతో వాదన పెట్టుకుంటాడు, ఆ వాదనే ఈ ఆల్బమ్‌కు కొత్త రక్తం ఎక్కించింది. వేక్‌మన్ మాట అంటారా, ఆయన ఆ రోజుల్లో ఎందరికో స్టూడియోలో వాయించాడు. డేవిడ్ బౌవీ ‘లైఫ్ ఆన్ మార్స్?’లోని పియానో ఆయనదే, అంతమాత్రాన అది స్ట్రాబ్స్ పాట అయిపోదు కదా.

2003 నాటి రికార్డింగును రుజువుగా తెస్తే మీరే చిక్కుల్లో పడతారు. శీర్షిక పాటను గాయని శాండీ డెన్నీ తన ఫోదరింగే బృందంతో 1970లోనే రికార్డు చేసింది, అది వెలుగు చూడడానికి చాలా ఏళ్లు పట్టింది. మీ లెక్కన ఆ పాట ఫోదరింగేది కావాలి!

పాత శ్రోత:
ఎవరు వాయించారన్నది పక్కన పెడితే, పాటలను ఎవరు ఎంచుకున్నారన్నది చూడండి. 1973 ఆరంభంలో బ్రిటన్‌లో రెండో స్థానానికి చేరిన ‘పార్ట్ ఆఫ్ ది యూనియన్’ను రాసింది హడ్సన్, ఫోర్డ్. బృందం ఆల్బమ్ అంటే వారికీ చోటివ్వాలి. ఇక్కడ కజిన్స్ ఎవరికీ చోటివ్వనవసరం లేదు.

ఎల్‌పీ ప్రియుడు:
ఫోదరింగే దెబ్బ నాకు గట్టిగానే తగిలింది. 2003 వాదనను వెనక్కి తీసుకుంటున్నాను. మళ్లీ వరుసగా విన్న తరువాత నాకు తోచిందేమిటంటే, నేను పోలికను తప్పు దిక్కున వెతికాను. హడ్సన్, ఫోర్డ్ 1973లో విడిపోయి సొంత జంటగా ఏర్పడ్డాక, 1974లో వచ్చిన ‘హీరో అండ్ హీరోయిన్’లో ఎక్కువ పాటలు కజిన్స్‌వే, అందులోని చీకటి, బరువు ‘బ్లూ ఏంజెల్’కు బాగా దగ్గర. కాబట్టి 1972లో కజిన్స్ బృందం ఆల్బమ్‌ను తన పేరుతో తేలేదు. ఆయన ఒక్కడిగా చేసినదానికి దగ్గరగా బృందమే రెండేళ్ల తరువాత వచ్చింది. అల్మారాలో దీన్ని ‘గ్రేవ్ న్యూ వరల్డ్’ పక్కనుంచి తీసి ‘హీరో అండ్ హీరోయిన్’ ముందు పెట్టాను. తేదీల వరుస చెడింది, కానీ వినేటప్పుడు ఇదే కుదురుతోంది.

తంత్రి:
తేదీల వరుస చెడగొట్టినందుకు మాత్రం నేను ఒప్పుకోను.