సమస్యాపూరణం: «పడకగదిని పులులు పవ్వళించె»

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది అనే ఛందస్సులో నాలుగో పాదం. ఇది చివర వచ్చేలా ముందు మూడు పాదాలూ మీరు రాయాలి, అదే పూరణ.

పడకగదిని పులులు పవ్వళించె

పిల్లల గది అలంకరణకు అన్వయిస్తూ పూరించాలి. మన గుంపులో చాలామంది ఇళ్ళల్లో బడికి వెళ్ళే పిల్లలో, మనవలో ఉన్నారు. హైదరాబాద్ ఫ్లాట్లలో వాళ్ళకు దక్కేది మహా అయితే పదడుగుల గది. దానికి కార్టూన్ వాల్‌పేపర్ అంటించేసి పని అయిపోయిందనుకోవడం నాకు నచ్చదు. ఆ గదిలో పిల్ల ఏదో ఒకటి చెయ్యాలి. లెక్కపెట్టాలి, చదవాలి, గీయాలి, తనకు నచ్చినట్టు మార్చుకోవాలి. మీ పద్యంలో ఆ పని కనబడాలి.

కొత్తవారి కోసం నియమాలు: గణమంటే గురులఘువులు లెక్కించి విడగొట్టిన అక్షరాల గుంపు. సూర్యగణం రెండు మూడు అక్షరాలది, ఇంద్రగణం మూడు నాలుగు అక్షరాలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కలవాలి. ప్రాసయతి (ఆ మొదటి అక్షరాల బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది, ప్రాస నియమం లేదు. సమస్య పాదం గణవిభజన: పడక–గదిని–పులులు–పవ్వ–ళించె.

సభ్యుడు, ఉప్పల్:
పులులు బహువచనం కదండీ, «పవ్వళించిరి» అనాలేమో?

విశ్రాంత తెలుగు మాస్టారు, మల్కాజిగిరి:
అక్కర్లేదు నాయనా. పులులు అమహత్తు, అంటే జంతువులు, వస్తువుల వర్గం. గ్రాంథికంలో అమహద్బహువచనానికి క్రియ ఏకవచనంలాగే ఉంటుంది. «పక్షులు ఎగిరెను» అన్నట్టే ఇదీ.

సభ్యుడు, ఉప్పల్:
సందేహం తీరింది మాస్టారూ. నా పూరణ:

గోడ నిండ నడవి కుంచెతో నాన్నయే
దిద్ది మురిసిపోయె తీరు చూసి;
చిన్నవాడు పండ సిరిచాప చెంగట
పడకగదిని పులులు పవ్వళించె.

నిర్వాహకుడు:
గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. సిరిచాప (సన్నని మెత్తని చాప) మాట చాలా రోజులకు విన్నాను, సంతోషం. నా అభ్యంతరం భావం మీద. గీసింది నాన్న, మురిసింది నాన్న. పిల్లవాడు చేసిన పని పడుకోవడం ఒక్కటే! గోడకు కింది మూడడుగులూ బ్లాక్‌బోర్డు పెయింట్ వేసి వాడికి వదిలేస్తే పైన మీ అడవి, కింద వాడి అడవి. మొదటి రెండు పాదాలు ఇలా మార్చి చూడండి:

గోడ నిండ నడవి కూర్చగా నాన్నయే
బిడ్డ సుద్దముక్క పెట్టి దిద్దె;

పెయింట్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద ఆ వివరం చూసే కొనండి. పాత ఇళ్ళ గోడలు గీకించేటప్పుడు ఆ దుమ్ము వైపు పిల్లల్ని అసలు రానివ్వకండి.

సభ్యుడు, ఉప్పల్:
సవరణ బాగుందండీ. మాది అద్దె ఇల్లు, ఓనరు గోడ మీద మేకు కూడా కొట్టనివ్వరు. పద్యంలోనే గీసుకున్నాను అడవిని.

సభ్యురాలు, కూకట్‌పల్లి:
తమ్ముడూ, పాత దుప్పటి మీద ఫ్యాబ్రిక్ పెయింట్‌తో గీసి కర్టెన్ రాడ్‌కు వేలాడదీయండి. ఇల్లు మారినప్పుడు అడవిని మడతపెట్టి తీసుకెళ్ళొచ్చు.

సభ్యురాలు, పద్మారావునగర్:
నాకు చదువు తక్కువ, కుట్టు ఎక్కువ. మనవరాలి కోసం కుట్టినవాటి మీద రాశాను.

పాత చీర చింపి బామ్మ కుట్టిన వన్ని
లెక్క పెట్ట నేర్పె లేత వేళ్ళ;
చిట్టితల్లి పక్క చేరి ముచ్చటగాను
పడకగదిని పులులు పవ్వళించె.

మల్కాజిగిరి మాస్టారు:
అమ్మా, చదువు తక్కువని ఇంకెప్పుడూ అనకండి. «లెక్క పెట్ట నేర్పె లేత వేళ్ళ» చాలా మంచి పాదం. బొమ్మ అన్న మాట ఎక్కడా వాడకుండానే బొమ్మలని తెలిసిపోయింది. ఒక్క «ముచ్చటగాను» మాత్రం పాదం నింపడానికి వచ్చింది. అక్కడ «చేరి చారలతోడ» అంటే గణాలు నిలుస్తాయి, పులి కంటికి కనబడుతుంది.

పద్మారావునగర్:
చారలతోడ! మా చీర కూడా చారల చీరే మాస్టారూ. మార్చేశాను.

నిర్వాహకుడు:
పిన్నిగారూ, కళ్ళకు గుండీలు కుట్టారా?

పద్మారావునగర్:
లేదు బాబూ. చిన్నది మూడేళ్ళు దాటలేదు, గుండీ ఊడితే నోట్లో పెట్టేసుకుంటుంది. నల్లదారం నాలుగు పేటలు తీసుకుని గట్టిగా ముడివేసి, ఆ ముడినే కంటిపాప చేశాను. మీసాలు కూడా దారంతోనే కుట్టాను, వైరు పెట్టలేదు.

నిర్వాహకుడు:
ఎంత జాగ్రత్తండీ! కుట్టడం రానివాళ్ళకు మన దగ్గర చెక్కబొమ్మలున్నాయి. తేలికైన పొణికి కర్రతో నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేస్తారు, కానీ అవి అలమరలో పెట్టి చూసుకోవడానికే ఎక్కువ పనికొస్తాయి. చిన్నపిల్లల చేతికి ఇవ్వాలంటే నా ఓటు ఏటికొప్పాక లక్కబొమ్మలకే. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. అంచులన్నీ గుండ్రంగా ఉంటాయి.

సభ్యుడు, అత్తాపూర్:
మాకు జూపార్కు దగ్గరే. వెళ్ళొచ్చాక మా పాప చేసిన పని ఇది:

జూకు వెళ్ళి వచ్చి చూసిన వన్నియు
గోడ మీద పాప కొలువు దీర్చె;
కోతి కొమ్మ నెక్కె, మొసలి నీట మునిగె,
పడకగదిని పులులు పవ్వళించె.

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలకు చప్పట్లు. నెహ్రూ జంతు ప్రదర్శనశాల తెరిచింది 1963లో. మన ఊళ్ళో అప్పటి నుంచీ ప్రతి తరం పిల్లలూ చూసొచ్చిన ఏనుగును గీస్తూనే ఉన్నారు, పద్యంలో చెప్పింది మాత్రం మీరే. మూడో పాదంలో యతి తప్పింది. «కో»కు «మొ» కుదరదు, ప్రాసయతి కూడా లేదు. మొసలి మీద మమకారం వదులుకుంటే దారి ఉంది:

కోతి కొమ్మ నెక్కె, కొలను బాతుకు దక్కె,

అత్తాపూర్:
నెక్కె, దక్కె కూడా కలిశాయి! కొమ్మ కోతికి, కొలను బాతుకి పోతే పులులకు మిగిలింది పడకగదే అన్న భావం కొత్తగా వచ్చింది. ధన్యవాదాలు.

సభ్యుడు, బోడుప్పల్ (ఇంటీరియర్ పని చేస్తాను):
పద్యం రాయడం రాదు గానీ రెండు మాటలు చెప్పాలి. పాప బొమ్మలను ఎంత ఎత్తులో అంటించారు సార్? నేను వెళ్ళే ఇళ్ళల్లో చార్టులు, ఫ్రేములు అన్నీ పెద్దవాళ్ళ కంటికి సరిగ్గా పెట్టిస్తారు. ఆరేళ్ళ పిల్ల కంటి ఎత్తు మన నడుము దగ్గర, నేల నుంచి సుమారు మూడున్నర అడుగులు. అక్షరాల చార్టు అంతకన్నా పైన ఉంటే చదివేది మనమే. రెండోది, కోతి కొమ్మ ఎక్కింది సరే, పిల్లలు ఎక్కేది అల్మరా అరలు. ఎల్ క్లాంపుతో (ఎల్ ఆకారపు పట్టీతో) అల్మరాను గోడకు బిగించకుండా పిల్లల గది అప్పగించకూడదు. గది ఎంత అందంగా చేసినా ముందు ఆ స్క్రూలు పడాలి.

నిర్వాహకుడు:
పద్యం రాయకపోతేనేం, ఈ మాట అందరూ చదవాలి. పైన పిన్ చేస్తున్నాను.

కూకట్‌పల్లి:
నాది కొంచెం మెలిక.

ఆడి విసిగినట్టి యాటబొమ్మల నెల్ల
మూటగట్టి యమ్మ మూల దాచె;
నెలకు నొక్కసారి నిద్ర లేచెడు కంట
పడక గదిని పులులు పవ్వళించె.

నిర్వాహకుడు:
ఈ వారం నేను ఎదురుచూసిన పూరణ ఇదే! «కంట పడక, గదిని పులులు పవ్వళించె». పడకగదిని విరిచేశారు. సమస్యలో పడక మంచమైతే పూరణలో కనబడకపోవడమైంది. ఆకాశవాణిలో సమస్యాపూరణం విని పెరిగినవాళ్ళకు ఇలాంటి విరుపు వినబడితే ఎంత ఆనందమో నాకు తెలుసు.

మల్కాజిగిరి మాస్టారు:
విరుపు గొప్పగా ఉంది. కానీ «నిద్ర లేచెడు» అన్న విశేషణానికీ «పులులు» అన్న విశేష్యానికీ మధ్య «కంటపడక గదిని» వచ్చింది. దూరాన్వయం. పాఠకుడు ఒకసారి ఆగాలి.

నిర్వాహకుడు:
ఆగాలి, నిజమే. విరుపు ఉన్న పూరణలో ఆ ఆగడమే రుచి అంటాను మాస్టారూ. మొదటిసారి «నిద్ర లేచెడు కంట» దాకా వచ్చి ఏమిటిదని తడబడి, సమస్య పాదంలోకి దిగాక వెలుగుతుంది. నేనైతే మార్చను.

ఇక భావం. బొమ్మలన్నీ ఒకేసారి గదిలో పరిస్తే పిల్లలు దేనితోనూ పది నిమిషాలు ఆడరు. ఒకటి తీసి పడేసి ఇంకొకటి అందుకుంటారు. మన ఊళ్ళో నాంపల్లిలో జనవరి 1న నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైతే ఫిబ్రవరి మధ్య దాకా సంచులతో బొమ్మలు దిగుతూనే ఉంటాయి, మార్చి నాటికి అన్నీ మంచం కిందే. సగం మూటగట్టి సజ్జ మీద పెట్టి, నెల తర్వాత దించి, బయటున్నవి పైకి పంపితే పాత పులే కొత్త పులి. డబ్బు ఖర్చు లేదు, గది ఖాళీగా ఉంటుంది, ఆట ఎక్కువసేపు సాగుతుంది. ఈ సంగతంతా ఆవిడ నాలుగు పాదాల్లో ఇమిడ్చారు. అందుకే నాకింత ఇష్టం.

కూకట్‌పల్లి:
చాలా సంతోషమండీ. మూటకు బదులు ఇప్పుడు అట్టపెట్టెలు వాడుతున్నాను. ఒక్కోదాని మీద «పులులు», «బండ్లు», «వంటసామాను» అని మావాడే పెద్ద అక్షరాలతో రాశాడు. «బండ్లు»లో వత్తు పక్కకు పోయింది, నేను దిద్దలేదు.

మల్కాజిగిరి మాస్టారు:
దిద్దకండి. వాడే చూసుకుంటాడు.

సభ్యురాలు, సైనిక్‌పురి (బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను):

నల్లమలను పాప నడిచి చూపించెను
నేల పటము మీద నిలిచి, మెల్ల
బొమ్మలుంచె నచట బుజ్జి చేతులతోడ;
పడకగదిని పులులు పవ్వళించె.

నిర్వాహకుడు:
పటాన్ని గోడ మీంచి నేల మీదకు దించారు, అదే ఇందులో కొత్తదనం. «నడిచి చూపించెను» అనగానే పాప కాళ్ళు కనబడ్డాయి. పులుల్ని సరైన చోటే పెట్టించారు కూడా. తెలంగాణ వైపు అమ్రాబాద్, ఆంధ్ర వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం, రెండూ నల్లమలలోని పులుల అభయారణ్యాలే. ఉత్తరాన కవ్వాల్‌కు కూడా ఒక పులిని పంపండి టీచర్‌గారూ.

సైనిక్‌పురి:
పంపుతానండీ. పటం తెల్ల కాటన్ గుడ్డ మీద గీసిందే. మాసినా ఉతకొచ్చు, చుట్టి మూలన పెట్టొచ్చు. నదులను నీలం ఉన్నితో కుట్టాను, పాప కళ్ళు మూసుకుని గోదావరిని వేలితో తడుముతుంది.

సభ్యురాలు, అల్వాల్:
ఆలస్యంగా వచ్చాను. మా ఇంట్లో జరిగిందే రాశాను.

కోర లున్న బొమ్మ గోడ నుండిన నాడు
బెదిరి యేడ్చె రాత్రి బిడ్డ లేచి;
మార్చినాము నేడు మంచి కూనల బొమ్మ;
పడకగదిని పులులు పవ్వళించె.

మల్కాజిగిరి మాస్టారు:
సమస్యలో «పవ్వళించె»కు అసలైన కారణం చూపించిన పూరణ ఇదొక్కటే తల్లీ. గర్జించే పులి పోయి పడుకున్న పులి వచ్చింది. «మంచి» అన్న మాట కొంచెం పల్చన, «బెదిరి యేడ్చె» ముందు అది నిలబడటం లేదు. మిగతాదంతా బాగుంది.

నిర్వాహకుడు:
«మంచి» బదులు «మావి కూనల» వంటివి ప్రయత్నించాను గానీ అన్వయం చెడుతోంది. ఉండనివ్వండి. పగలు ముద్దొచ్చే బొమ్మ రాత్రి జీరో బల్బు వెలుగులో ఎలా కనబడుతుందో మనం చూడం. మంచం మీద పిల్ల తల ఆనే చోట మనం పడుకుని, లైటు తీసేసి గోడను చూడాలి. అలంకరణ చేసినవాళ్ళు ఆ రాత్రే చెయ్యాల్సిన పని ఇది. బిడ్డ ఎందుకు ఏడ్చిందో కనిపెట్టి బొమ్మ మార్చిన మీకు నమస్కారం.

ఈ వారానికి నా ఎంపిక కూకట్‌పల్లి వారి పూరణ, దాని పక్కనే అల్వాల్ వారిది. వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

చుక్కలన్ని రాలె సుతుని మీద

సీలింగుకు మెరిసే చుక్కలు అంటించేవాళ్ళు దీన్ని తేలిగ్గానే పట్టుకుంటారు. ఒక కోరిక: చుక్కల్ని చెల్లాచెదురుగా కాకుండా సప్తర్షి మండలమో, కృత్తికలో ఆకారం తెలిసేలా అంటించి, పిల్లలకు చూపించి, ఆ తర్వాత పద్యం రాయండి. ఆకారం సందేహమైతే ఒక సాయంత్రం బిర్లా ప్లానిటేరియానికి తీసుకెళ్ళండి. పూరణలు శనివారం రాత్రిలోగా పెట్టాలి.